మోడల్ పేరు చెప్పి మాట్లాడండి: బెజవాడ, గుంటూరు ఫోన్ అభిమానులకు బహిరంగ లేఖ

తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నమస్కారం.

బెజవాడలో బీసెంట్ రోడ్డు, గవర్నర్‌పేట, ఏలూరు రోడ్డు, అటు గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట వైపు ఫోన్లు విప్పి బాగుచేసే పనిలో ఉన్నవాళ్లం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. ఐఫోన్ వాళ్లు, శామ్‌సంగ్ వాళ్లు, వన్‌ప్లస్ వాళ్లు, షావోమీ వాళ్లు, వివో వాళ్లు అంటూ మీరు జట్లు కట్టి హాస్టల్ గదుల్లో, టీ కొట్ల దగ్గర గంటల తరబడి వాదించుకుంటారని మాకు తెలుసు. ఇష్టమైన కంపెనీ ఒకటి ఉండటం తప్పేమీ కాదు. కానీ ఆ వాదన మీ మధ్యే ఆగడం లేదు. ఇంట్లో కొత్త ఫోన్ కొనాలంటే అమ్మా నాన్నా, బాబాయీ, పక్కింటి పిన్నీ అందరూ ముందు మిమ్మల్నే అడుగుతారు. మీరు 'ఫలానా కంపెనీది కళ్లు మూసుకుని తీసుకోండి' అంటారు. వాళ్లు నిజంగానే కళ్లు మూసుకుని, ఈఎంఐ పెట్టించుకుని కొంటారు. ఏడాదిన్నర తర్వాత తెర పగిలో, చార్జింగ్ ఎక్కకో ఆ ఫోన్ రిపేరు బల్ల మీదకు వస్తుంది. అప్పుడు కంపెనీ పేరు ఎవరినీ ఆదుకోదు. అది ఏ మోడల్, అందులో ఏ ప్యానెల్ వేశారు, దాని స్పేరు ఊళ్లో దొరుకుతుందా, ఎంతవుతుంది, ఇవే లెక్కకొస్తాయి. అందుకే మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాం. ఇకమీదట ఎవరికి సలహా ఇచ్చినా, ఎవరితో వాదించినా కంపెనీ పేరు పక్కనపెట్టి మోడల్ పేరు చెప్పి మాట్లాడండి.

ఎందుకంటే మూత తీస్తే లోపల మీ జట్లు కనబడవు. 2017లో వచ్చిన ఐఫోన్ టెన్‌కు ఓఎల్ఈడీ తెర (వెనక దీపం లేకుండా తనంతట తానే వెలిగే రకం) చేసి ఇచ్చింది శామ్‌సంగ్ డిస్‌ప్లే. ఐఫోన్ కెమెరా సెన్సర్లు సోనీవి. ఆపిల్ అధిపతి టిమ్ కుక్ 2022 డిసెంబరులో జపాన్ వెళ్లినప్పుడు ఆ సంగతి బాహాటంగానే చెప్పారు. షావోమీ, వివో, ఒప్పో, వన్‌ప్లస్ ఫోన్లలో మీరు గొప్పగా చెప్పుకునే ఐఎంఎక్స్ నంబర్లన్నీ ఆ సోనీవే. ప్రాసెసర్ల సంగతీ అంతే. స్నాప్‌డ్రాగన్‌ను క్వాల్‌కామ్ డిజైన్ చేస్తుంది, తయారీ మాత్రం తైవాన్ టీఎస్ఎంసీలోనో కొరియా శామ్‌సంగ్ ఫ్యాక్టరీలోనో జరుగుతుంది. 2022లో ఖరీదైన ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావాటిలో వచ్చిన 8 జెన్ 1 చిప్ శామ్‌సంగ్ ఫ్యాక్టరీలో తయారైంది, బాగా వేడెక్కుతుందని పేరు తెచ్చుకుంది. ఆ ఏడాదే తయారీని టీఎస్ఎంసీకి మార్చి 8 ప్లస్ జెన్ 1 తెచ్చారు, వేడి తగ్గింది. అంటే ఒకే ఫోన్ల కంపెనీ, ఒకే ఏడాది, ఆరు నెలల తేడాతో రెండు రకాల ఫోన్లు అమ్మింది. 'ఆ కంపెనీ ఫోన్లన్నీ కాలిపోతాయి' అన్న తీర్పు ఈ రెండింటిలో దేనికి వర్తిస్తుందో మీరే చెప్పండి.

జట్ల మధ్య గోడలు కూడా మీరు అనుకున్నంత గట్టివి కావు. రియల్‌మీ 2018లో ఒప్పో గూటి నుంచే బయటికొచ్చింది. వన్‌ప్లస్ 2021లో ఒప్పోతో కలిసిపోయింది. ఐకూ వివోది. రెడ్మీ, పోకో రెండూ షావోమీ కడుపున పుట్టినవే. 2020లో మనకు పోకో ఎక్స్2 పేరుతో అమ్మిన ఫోను చైనాలో రెడ్మీ కె30. పేరు తేడా చూసి రెండు వర్గాలు కొట్టుకుంటే, విడిభాగాలు తెప్పించేవాళ్లం మేం రెంటినీ ఒకే ఫోనుగా చూస్తాం.

'చైనా ఫోన్' అని తీసిపారేసేవాళ్లకు ఒక మాట. షావోమీ మన దేశంలో తయారుచేయించిన మొదటి ఫోన్ రెడ్మీ 2 ప్రైమ్. 2015 ఆగస్టులో దాన్ని విశాఖపట్నంలో విడుదల చేశారు, తయారైంది మన శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ప్లాంటులో. ఐఫోన్లు పక్క రాష్ట్రం శ్రీపెరంబుదూరులో బిగుస్తున్నాయి. ఆ లైన్ల మీద కూర్చుని పనిచేసేవాళ్లలో మన జిల్లాల ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. ఫోను మంచిదా కాదా అనేది దాని పనితనాన్ని బట్టి తేల్చండి, బిగించిన చేతుల్ని తక్కువ చేయకండి.

తప్పుల విషయంలోనూ ఎవరూ ఎవర్నీ వేలెత్తి చూపే పరిస్థితి లేదు. 2016లో గెలాక్సీ నోట్ 7లు అంటుకుంటుంటే శామ్‌సంగ్ మొత్తం వెనక్కి తీసుకుంది. విచారణలో తేలిందేమంటే, రెండు సరఫరాదార్ల బ్యాటరీల్లో రెండు వేర్వేరు లోపాలున్నాయి. 2017 చివర్లో పాత ఐఫోన్ల వేగాన్ని బ్యాటరీ అరిగినకొద్దీ తగ్గిస్తున్నామని ఆపిల్ ఒప్పుకుని, క్షమాపణ చెప్పి, మరుసటి ఏడాదంతా తక్కువ ధరకు బ్యాటరీలు మార్చింది. మీరు స్క్రీన్‌షాట్లు పంపుకునే గీక్‌బెంచ్ (ఫోన్ వేగం కొలిచే యాప్) స్కోర్లున్నాయే, 2021లో ఆ పట్టికలోంచి వన్‌ప్లస్ 9 సిరీస్‌నూ, 2022లో గెలాక్సీ ఎస్22తో పాటు అంతకు ముందరి కొన్ని ఎస్ సిరీస్ ఫోన్లనూ తీసేశారు. రెండు చోట్లా కారణం ఒకటే: యాప్ పేరు చూసి ఫోన్ తన వేగాన్ని మార్చేస్తోంది. పరీక్ష యాప్‌కు పూర్తి వేగం, రోజూ వాడే యాప్‌లకు తక్కువ వేగం. గాంధీనగర్ థియేటర్ల ముందు కటౌట్‌కు దండ వేసిన అభిమానికి టికెట్ డబ్బులే ఖర్చు. లోగోకు దండ వేస్తే మాత్రం వారంటీ అయిపోయాక డిస్‌ప్లే డబ్బులు మనవాళ్లు కట్టుకోవాలి.

ఇక అసలు విషయానికి వద్దాం. సలహా చెప్పే ముందు ఏం చూడాలి?

మొదట డిస్‌ప్లే. మా దగ్గరకొచ్చే పెద్ద ఖర్చు అదే. ఫోన్ కొనకముందే ఆ మోడల్ డిస్‌ప్లే ధర కనుక్కోండి. చాలా కంపెనీలు తమ వెబ్‌సైట్లో మోడల్‌వారీగా స్పేర్ పార్టుల ధరలు పెడతాయి, లేదంటే సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి 'డిస్‌ప్లే కాంబోకు లేబర్, జీఎస్టీతో కలిపి ఎంత' అని అడగండి (కాంబో అంటే గాజు, తెర కలిసిన ఒకే ముక్క). ఆ ధర ఫోన్ ధరలో మూడో వంతు దాటితే, చేతిలోంచి ఫోన్ జారవిడిచే అలవాటున్నవాళ్లకు, చిన్న పిల్లలున్న ఇళ్లకు ఆ మోడల్ చెప్పకండి. ముఖ్యంగా అంచులు వంగిన తెరలు. చూడ్డానికి అందంగా ఉంటాయి, కానీ పక్కకు పడితే దెబ్బ నేరుగా గాజు మీదే. టెంపర్డ్ గ్లాస్ సరిగ్గా అతకదు కాబట్టి యూవీ గ్లాస్ వేయిస్తారు. దాన్ని అతికించే జిగురు నీళ్లలా పారుతుంది. వేసేవాళ్లు ఇయర్‌పీస్ జాలీకి, బటన్ల సందులకు టేపు వేయకుండా పోస్తే లోపలికి దిగి, యూవీ దీపం కింద గట్టిపడిపోతుంది. తర్వాత అవతలి మనిషి మాట వినబడదు, పవర్ బటన్ నొక్కితే దిగదు. 'ఆ కంపెనీ స్పీకర్లు ఏడాదికే పోతాయి' అని మీరు ప్రచారం చేసే ఫోన్లలో కొన్నిటి జాలీని మైక్రోస్కోప్ కింద పెడితే, ఒక్కో రంధ్రంలో గాజులా మెరిసే జిగురు బొట్టు కనబడుతుంది.

తెర పగిలాక ఏం వేస్తారన్నది ఇంకో సంగతి. బజారులో ఒకే మోడల్‌కు మూడు నాలుగు రకాల కాంబోలు దొరుకుతాయి. కంపెనీ నుంచి వచ్చే సర్వీస్ ప్యాక్ ఒకటి. బయట చేసిన ఓఎల్ఈడీ కాపీ ఒకటి. అన్నిటికన్నా చవక ఇన్‌సెల్ లేదా టీఎఫ్‌టీ, అంటే ఎల్‌సీడీ. అమోలెడ్ (ఓఎల్ఈడీలోనే ఒక రకం) ఫోన్‌కు ఎల్‌సీడీ కాంబో వేస్తే తెర కింద వేలిముద్ర పనిచేయదు. ఓఎల్ఈడీ వెనక దీపపు పొర ఉండదు, అందుకే దాని గుండా సెన్సర్‌కు వెలుగు అందుతుంది. ఎల్‌సీడీ వెనక బ్యాక్‌లైట్ షీట్ అడ్డుపడుతుంది. ప్యానెల్ లావు కావడంతో ఫ్రేములో సరిగ్గా కూర్చోక అంచున గోరు పట్టేంత ఎత్తు మిగులుతుంది. చార్జింగ్ కూడా త్వరగా దిగుతుంది. ఏది వేశారో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. పూర్తి నల్లటి ఫోటో ఒకటి తెర నిండా పెట్టి, బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి, లైట్లార్పి చూడండి. ఓఎల్ఈడీ అయితే ఫోన్ చీకట్లో కలిసిపోతుంది. ఎల్‌సీడీ అయితే బూడిదరంగు వెలుగు కనబడుతుంది, మూలల్లో ఇంకాస్త ఎక్కువగా. సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేటప్పుడు ఈ పరీక్ష తప్పకుండా చేయించండి. చేయనివ్వనివాడి దగ్గర కొనొద్దు.

ఐఫోన్‌లో దీనికి తోడు ఇంకొకటుంది. ఐఫోన్ 11 నుంచి బయటి డిస్‌ప్లే వేస్తే సెట్టింగ్స్‌లో అది అసలుదని నిర్ధారించలేకపోతున్నామన్న సందేశం వస్తుంది, ట్రూ టోన్ (చుట్టూ ఉన్న వెలుగును బట్టి తెర రంగు సర్దే సదుపాయం) పోవచ్చు. ఫేస్ ఐడీ భాగాలు ఆ ఫోన్ బోర్డుతోనే జతపడి ఉంటాయి, చాలా మోడళ్లలో వేరే ఫోన్‌లోవి తెచ్చి వేస్తే పనిచేయవు. కాబట్టి పాత ఐఫోన్ కొనేవాళ్లు సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిచి, భాగాలూ సర్వీసు చరిత్ర చూపే వరుస ఉందేమో చూడాలి. ఈ ఏర్పాటు దొంగ విడిభాగాలను ఆపుతుందని ఐఫోన్ అభిమానులంటారు, అది నిజం. రిపేరును కంపెనీ గుప్పిట్లోకి తెస్తుందని అవతలివాళ్లంటారు, అదీ నిజమే. మా మట్టుకు మాకు రెండోది ఎక్కువ బరువుగా కనిపిస్తుంది.

గ్రీన్ లైన్ గురించి మీ మధ్య జరిగే గొడవ మరీ ఎక్కువ. అమోలెడ్ తెర కింది అంచున చిప్పుకూ తెరకూ మధ్య సన్నటి పట్టా ఉంటుంది. అందులో వెంట్రుక కన్నా సన్నని దారులు వందల్లో ఉంటాయి. వేడికో, ఒత్తిడికో, తేమకో ఒక దారి అతుకు వదిలితే ఆ నిలువు వరుస మొత్తం ఆకుపచ్చగానో గులాబీరంగులోనో వెలిగి ఉండిపోతుంది. అమోలెడ్ వాడే ఏ కంపెనీకీ దీన్నుంచి మినహాయింపు లేదు. లైన్ కనబడిన రోజే ఫోటో తీసి తేదీతో దాచుకోండి, ఫోన్‌ను బయట విప్పించకుండా ముందు అధికారిక సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి. కొన్ని మోడళ్లకు కంపెనీలు వారంటీ దాటాక కూడా ఉచితంగా తెర మార్చిన సందర్భాలున్నాయి, కానీ నీళ్లు తగిలిన గుర్తు, పగులు, బయట విప్పిన ఆనవాలు ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. రిపేరుతో బతికే మేమే చెబుతున్నాం, ఈ ఒక్క విషయంలో మా దగ్గరకు రెండోసారి రండి, మొదటిసారి వాళ్ల దగ్గరకు వెళ్లండి.

చార్జింగ్ సంగతికొస్తే, 'మాది ఎనభై వాట్లు, మీది ఇరవై ఐదే' అన్న పోటీలో అసలు విషయం మరుగున పడుతోంది. ఒప్పో 2014లో తెచ్చిన వూక్ పద్ధతి తక్కువ వోల్టేజీలో ఎక్కువ కరెంటు పంపుతుంది, వేడి చాలావరకు అడాప్టర్ దగ్గరే ఉండిపోతుంది. ఆ కుటుంబం ఫోన్లన్నీ దాని వారసత్వమే. మిగతావాళ్లు వోల్టేజీ పెంచి పంపి ఫోన్ లోపల తగ్గించుకుంటారు. రెండూ మంచి పద్ధతులే, కానీ ఒకదానికొకటి అర్థం కావు. ఎనభై వాట్ల అడాప్టర్‌కు వేరే కంపెనీ ఫోన్ తగిలిస్తే పది, పద్దెనిమిది వాట్లకు పడిపోవచ్చు. శామ్‌సంగ్‌లో నలభై ఐదు వాట్లు ఎక్కాలంటే పీపీఎస్ (వోల్టేజీని కొద్దికొద్దిగా సర్దే పద్ధతి) ఉన్న అడాప్టర్ ఒక్కటే చాలదు, లోపల చిప్ ఉన్న ఐదు ఆంపియర్ల కేబుల్ కూడా కావాలి. ఫుట్‌పాత్ మీద కొన్న కేబుల్‌తో వేగం తగ్గితే ఫోన్‌ను తిట్టడం ఎందుకు? నాలుగు ఫోన్లు నాలుగు కంపెనీలవైన ఇంటికి చెప్పాల్సిన సలహా ఇది: యూఎస్‌బీ పీడీ (ఏ ఒక్క కంపెనీదీ కాని ఉమ్మడి చార్జింగ్ పద్ధతి), పీపీఎస్ రెండూ ఉన్న మంచి అడాప్టర్ ఒకటి, ఐదు ఆంపియర్ల సీ-టు-సీ కేబుల్ ఒకటి. 2023లో ఐఫోన్ 15 కూడా సీ పోర్టుకు వచ్చింది కాబట్టి సీ పోర్టు ఉన్న ఫోన్లన్నిటికీ ఇది పనికొస్తుంది, వేగం మాత్రం మోడల్‌ను బట్టి ఉంటుంది.

చార్జింగ్ పిన్ పోయిందంటూ వచ్చే ఫోన్లలో చాలావాటికి పార్టు మార్చే పనే ఉండదు. జేబులోని నూలు పొట్టు పోర్టు అడుగున కుక్కుకుని అట్టలా గట్టిపడుతుంది. కేబుల్ పూర్తిగా దిగదు, కాస్త కదిలిస్తే ఊడుతుంది. ఫోన్ ఆపేసి, సన్నటి చెక్క టూత్‌పిక్‌తో పోర్టు గోడల వెంట నెమ్మదిగా గీకి తీయండి. మధ్యలో ఉండే నాలుకను ముట్టుకోకండి, దానికి పైన పన్నెండు, కింద పన్నెండు దాకా కాంటాక్టులుంటాయి. పిన్నీసు పెడితే వాటి పూత లేచిపోతుంది, ఒక్కోసారి రెండు కాంటాక్టులు కలిసి షార్ట్ అవుతుంది. ఇంకొక గుర్తు కూడా చెబుతాం. కేబుల్ ఒకవైపు పెడితే చార్జింగ్ ఎక్కి, తిప్పి పెడితే ఎక్కకపోతే పొట్టు సమస్య కాదు. ఫోన్‌కూ చార్జర్‌కూ మాట కలిపే సీసీ కాంటాక్టు ఒక పక్క దెబ్బతిన్నట్టు. అప్పుడు జాక్‌నో, చార్జింగ్ బోర్డునో మార్చాల్సిందే. ఈ బోర్డు వేరుగా ఊడివచ్చే మోడళ్లలో పని చవక. మెయిన్ బోర్డుకే అతికించిన మోడళ్లలో టంకం పని, చేయి తిరిగినవాడే చేయాలి. చూశారా, ఇదీ మోడల్‌ను బట్టి మారే సంగతే.

బ్యాటరీకి కంపెనీ అభిమానం కన్నా మన ఎండలే పెద్ద శత్రువు. ఆపిల్ తన ఫోన్లు వాడటానికి పెట్టిన హద్దు ముప్పై ఐదు డిగ్రీలు. మే నెలలో బెజవాడ ఎండ ఎంతుంటుందో మీకు చెప్పనక్కర్లేదు. లిథియం సెల్ వేడిలో నిండుగా ఉంటే త్వరగా ముసలిదవుతుంది. బైకు హ్యాండిల్‌కు తగిలించి, మ్యాప్ పెట్టి, పవర్‌బ్యాంకుతో చార్జింగ్ చేస్తూ బెంజ్ సర్కిల్ నుంచి గొల్లపూడి దాకా ఎండలో తిరిగే డెలివరీ కుర్రాళ్ల ఫోన్లలో వెనక మూత ఉబ్బడం అందుకే ఎక్కువ. వాళ్లకు చెప్పాల్సినవి రెండే: ఎండలో ఉన్నప్పుడు చార్జింగ్ పెట్టొద్దు, ఫోన్‌లో ఎనభై శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంటే వేసుకోండి. హ్యాండిల్ మీది అదురు కెమెరాకు కూడా కీడే. బైకు ఇంజన్ల అదురుకు కెమెరాలో వణుకు ఆపే ఓఐఎస్ దెబ్బతింటుందని ఆపిల్ 2021లోనే హెచ్చరించింది. ఓఐఎస్ అన్ని కంపెనీల్లోనూ అలాంటి సున్నితమైన కట్టే. మూత లేచిన ఫోన్‌ను నొక్కి మూయకండి, ఆపేసి తీసుకురండి.

బ్యాటరీ మార్చేటప్పుడు ఇంకో చిక్కుంది. అరవై ఐదు వాట్లు, ఆపైన ఎక్కించుకునే ఫోన్లలో చాలావాటికి లోపల రెండు సగం సెల్స్ జతగా ఉంటాయి. వన్‌ప్లస్ 8టీలోని నాలుగువేల ఐదువందల ఎంఏహెచ్ అలాంటి రెండు సెల్సే. చవక కాపీ బ్యాటరీలోని రక్షణ చిప్‌ను ఫోన్ గుర్తించకపోతే మళ్లీ నెమ్మది చార్జింగే. అదే ఫోన్, అదే అడాప్టర్, కంపెనీ మీద మాత్రం నింద.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు అన్ని కంపెనీల ఫోన్లూ ఒకేలా నీళ్లు తాగాయి. ఐపీ68 (దుమ్ము, నీళ్లు ఎంతవరకు ఆపుతుందో చెప్పే గుర్తు) అని రాసి ఉంటే ఏమీ కాదనుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ పరీక్ష కొత్త ఫోన్‌ను మంచినీళ్లలో, కదలకుండా, చెప్పిన లోతులో చెప్పినంత సేపు ఉంచి చేసేది. బురద వరదకు, రెండేళ్లు వాడి ఒకసారి తెర మార్చిన ఫోన్‌కు అది వర్తించదు, ఎందుకంటే మూత విప్పిన రోజే లోపలి జిగురు పట్టీ పోయింది. కంపెనీలు నీటి నష్టాన్ని వారంటీలోకి తీసుకోవు. సిమ్ ట్రే దగ్గర ఉండే చిన్న తెల్ల స్టిక్కర్ నీళ్లు తగిలితే ఎర్రబడుతుంది, సర్వీస్ సెంటర్‌లో ముందు చూసేది దాన్నే. నీళ్లు పడ్డ ఫోన్‌ను వెంటనే ఆపేయండి, ట్రే బయటికి తీయండి, చార్జర్ జోలికి పోకండి. తడి మీద కరెంటు నడిస్తే రాగి దారులు గంటల్లో తినేసుకుపోతాయి. బియ్యంలో పాతిపెడితే బియ్యపు దుమ్ము పోర్టులో చేరడం తప్ప చిప్‌ల మీది రేకు మూతల (షీల్డుల) కింద ఉన్న నీరు రాదు. విప్పి, బ్యాటరీ పట్టా తీసేసి, తొంభై తొమ్మిది శాతం ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)తో బోర్డు కడిగి ఆరబెట్టాలి. అదీ మొదటి రోజే జరగాలి.

అప్‌డేట్ల దగ్గర కంపెనీ పేరు ఇంకా మోసం చేస్తుంది. గూగుల్ 2023లో పిక్సెల్ 8కు, శామ్‌సంగ్ 2024లో ఎస్24 సిరీస్‌కు ఏడేళ్ల అప్‌డేట్లు ప్రకటించాయి. ఆ మాట పట్టుకుని అదే కంపెనీ పన్నెండు వేల ఫోన్ కొన్న పిన్నికి కూడా ఏడేళ్లొస్తాయని చెప్పకండి. చవక మోడళ్లకు లెక్క వేరు. పాత ఐఫోన్లకు మాట ముందుగా ఇవ్వకపోయినా చేసి చూపించారు: 2018 నాటి ఎక్స్ఆర్‌కు 2024లో ఐఓఎస్ 18 వచ్చింది, 2025 నాటి ఐఓఎస్ 26 మాత్రం రాలేదు. సలహా చెప్పేటప్పుడు ఆండ్రాయిడ్ వెర్షన్లు ఎన్ని, సెక్యూరిటీ ప్యాచ్‌లు ఎన్నేళ్లు, ఆ ఏళ్లు మోడల్ విడుదలైన రోజు నుంచి లెక్క అన్నది కూడా చెప్పండి. రెండేళ్ల పాత మోడల్‌ను ఆఫర్‌లో కొంటే ఆ రెండేళ్లూ అప్పటికే కరిగిపోయి ఉంటాయి. 'ఎనిమిది ప్లస్ ఎనిమిది, పదహారు జీబీ ర్యామ్' అని కౌంటర్లో చెబితే నమ్మకండి. రెండో ఎనిమిది స్టోరేజీలోంచి అప్పు తెచ్చుకున్నది, అసలు ర్యామ్ వేగంలో అది ఏ మూలకూ రాదు. ఆ మాట చెప్పే కుర్రాడు చాలా షాపుల్లో కంపెనీ జీతం మీద నిలబడ్డవాడే, ఆ సంగతి గుర్తుంచుకుని వినండి.

మన జిల్లాల ప్రత్యేకత ఒకటుంది, అమెరికా నుంచి అన్నయ్యలు, బావలు తెచ్చే ఐఫోన్లు. ఐఫోన్ 14 నుంచి అమెరికా మోడళ్లకు సిమ్ ట్రే లేదు, ఫోన్ లోపలే ఉండే ఈసిమ్ ఒక్కటే. అది తెలియక తెప్పించుకుని సిమ్ ఎక్కడ పెట్టాలని అడుగుతుంటారు. ఈసిమ్ పనిచేస్తుంది, కానీ ఒకరోజు బోర్డు డెడ్ అయితే పాత సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేసుకున్నట్టు కుదరదు. ఆపరేటర్ దగ్గరకు వెళ్లి నంబరు మళ్లీ తెచ్చుకునేదాకా ఓటీపీలు రావు, యూపీఐ ఆగిపోతుంది. పెద్దవాళ్లకు ఇవ్వబోయే ఫోన్ అయితే ఇది ఆలోచించండి. సెట్టింగ్స్‌లో జనరల్, అబౌట్ తెరిస్తే మోడల్ నంబరు చివర అమెరికాదైతే ఎల్ఎల్/ఏ, మన దేశానిదైతే హెచ్ఎన్/ఏ అని ఉంటుంది. మొదటి అక్షరం ఎం అయితే కొత్తగా అమ్మింది, ఎఫ్ అయితే కంపెనీ బాగుచేసి అమ్మింది, ఎన్ అయితే సర్వీసులో బదులు ఇచ్చింది. ఆ పేజీలోనే క్యారియర్ లాక్ ఎదురుగా సిమ్ ఆంక్షలు లేవని ఉండాలి. లేకపోతే ఆ ఫోన్ అక్కడి నెట్‌వర్క్‌కు తాకట్టులో ఉన్నట్టే. ఏ కంపెనీదైనా సెకండ్ హ్యాండ్ ఫోన్‌కు *#06# కొట్టి ఐఎంఈఐ (ఆ ఫోన్ గుర్తింపు సంఖ్య) చూసి, ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో కేవైఎం అని, ఖాళీ వదిలి, ఆ పదిహేను అంకెలు రాసి 14422కు మెసేజ్ పెట్టండి. బ్లాక్ అయిన ఫోనో కాదో అక్కడే తెలుస్తుంది. 2023లో వచ్చిన సంచార్ సాథీ పోర్టల్లోనూ చూడొచ్చు.

అభిమానం కంపెనీని నిలబెడుతుందనుకుంటే అదీ నిజం కాదు. ఎల్‌జీకి మన ఊళ్లో ఎంత మంచి పేరుండేదో పెద్దవాళ్లనడగండి, 2021లో ఫోన్ల వ్యాపారమే మూసేసింది. 2020లో శామ్‌సంగ్ అభిమానులే, కంపెనీ సొంత ఎక్సినోస్ చిప్ వేసిన ఫోన్లు మా దేశాలకు అమ్మొద్దని సంతకాలు సేకరించారు. అలాంటి అభిమానం మాకు గౌరవం. తన కంపెనీని తానే నిలదీసే అభిమానం అది. మీ దగ్గర ఆ శక్తి ఉంది, ఇప్పుడు ఒకరి మీద ఒకరు ఖర్చు పెట్టుకుంటున్నారు.

దాన్ని ఇటు మళ్లించండి. యూరప్‌లో 2025 జూన్ నుంచి కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఒక మోడల్ అమ్మకం ఆపాక ఏడేళ్లు ముఖ్యమైన స్పేర్లు దొరకాలి, కనీసం ఐదేళ్లు ఓఎస్ అప్‌డేట్లు ఇవ్వాలి, బ్యాటరీ ఎనిమిది వందల సార్లు నిండి ఖాళీ అయ్యాక కూడా ఎనభై శాతం మిగలాలి. అక్కడ ఈ షరతులకు తలొగ్గి అమ్ముతున్న కంపెనీల్లో మనకు అమ్మేవీ ఉన్నాయి. బెజవాడలో మూడేళ్ల నాటి మోడల్‌కు అసలు డిస్‌ప్లే కావాలంటే 'ఆగిపోయింది సార్' అనే సమాధానం ఎందుకు రావాలి? మీ కంపెనీ పేజీలకు ఈ ప్రశ్న పంపండి, ఏ జట్టు వాళ్లు ఆ జట్టు కంపెనీకి. కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. మీ మోడల్ రిపేరు వివరాలు, స్పేర్ల సమాచారం అక్కడ ఉందో లేదో చూడండి. లేకపోతే లేదని అడగండి.

సర్వీస్ సెంటర్‌లో ఫోన్ ఇచ్చేటప్పుడు జాబ్ షీట్ తీసుకోండి. అందులో ఐఎంఈఐ, ఫోన్ ఏ స్థితిలో ఇచ్చారన్నది, ఉన్న గీతలు, చెప్పిన సమస్య అన్నీ రాయించండి. ముందు బ్యాకప్ తీసుకోండి, చెరిపేయకుండా రిపేరు కుదురుతుందా అని అడగండి. పార్టు మార్చి డబ్బు తీసుకుంటే పాత పార్టు చూపించమనండి, ఇవ్వడం కుదరదంటే ఎందుకో కాగితం మీద రాయించుకోండి. మేమూ ఈ లెక్కకు కట్టుబడతాం. మా బల్లల దగ్గర వేసిన కాంబో సర్వీస్ ప్యాకా, కాపీనా, ఎల్‌సీడీనా అన్నది బిల్లు మీద రాయమని అడిగే హక్కు మీకుంది. రాయనివాడి దగ్గర పని చేయించుకోకండి, వాడు మాలో ఒకడైనా సరే.

ధర ఎస్టిమేటుకూ బిల్లుకూ పొంతన లేకపోయినా, స్పేరు లేదని నెలల తరబడి తిప్పినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. మోడల్ నంబరు, ఐఎంఈఐ, జాబ్ షీట్ నంబరు, ఇచ్చిన తేదీ, వాళ్లు చెప్పిన మాట, ఈ ఐదూ ముందే కాగితం మీద రాసి పెట్టుకుని మాట్లాడండి. ఒకే మోడల్‌కు ఒకే సమస్య మీ క్లాసులో ముగ్గురికి ఉంటే ముగ్గురూ విడివిడిగా నమోదు చేయండి.

ఇట్లు,
బెజవాడ, గుంటూరు ఫోన్ రిపేరు బల్లల దగ్గర పనిచేసేవాళ్లం